“ఈ వయసులోనూ” అన్న మాట కొట్టేశాక: ఒక ఆల్బమ్ సమీక్ష కేసు

సంగీత సమీక్షలు దిద్దే డెస్కులో నాకు పదిహేడేళ్లు నిండాయి. చెడ్డగా రాసిన కాపీ నన్నెప్పుడూ పెద్దగా కంగారు పెట్టలేదు. ఎక్కడ కోయాలో, ఎక్కడ కుట్టాలో చేతికి అలవాటైపోయింది. కంగారు పెట్టేది బాగా రాసిన కాపీ. వాక్యం సాఫీగా నడుస్తుంది, కళాకారిణి మీద గౌరవం కనిపిస్తుంది, చదవడం అయ్యాక పాట ఎలా ఉంటుందో మాత్రం ఒక్క ముక్క తెలియదు. అలాంటి ఒక కాపీని దారిలో పెట్టడానికి మాకు అయిదు వారాలు పట్టింది. అందులో మూడు వారాలు నా తప్పుల వల్లే పోయాయి. అందుకే ఈ కేసు రాసి పెడుతున్నాను.

రాసినామెను ఇక్కడ ‘సమీక్షకురాలు’ అనే అంటాను. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు, పత్రిక వివరాలు తీసేశాను.

నేపథ్యం

ఆమె తెలుగు సాహిత్యంలో ఎమ్మే చేసింది. రెండేళ్లుగా సినిమా పాటల సమీక్షలు రాస్తోంది. పాటలో ఒక్క మాట పొల్లు పోయినా పట్టుకుంటుంది. చిన్నప్పుడు ఎనిమిదేళ్లు మృదంగం నేర్చుకుంది. ఈ చివరి సంగతి నాకు ముందే తెలుసు. కానీ ఈ కేసులో అదే మందు అవుతుందని మూడు వారాల దాకా తట్టలేదు.

2025 నవంబరుకి మడోన్నా ఆల్బమ్ ‘కన్ఫెషన్స్ ఆన్ ఎ డాన్స్ ఫ్లోర్’ వచ్చి ఇరవై ఏళ్లు. అప్పట్లో విమర్శకులు దాన్ని ఎలా అందుకున్నారు, ఇప్పుడు వింటే ఆ తీర్పులు నిలబడతాయా అని పన్నెండు వందల మాటల్లో రాయమన్నాను. మన పాఠకుల్లో చాలామందికి మడోన్నా పేరు తెలుసు, ఈ ఆల్బమ్ తెలియదు. అందుకని ముందు కథ కొంత చెప్పాలి.

2003లో ఆమె ‘అమెరికన్ లైఫ్’ అనే ఆల్బమ్ తెచ్చింది. గిటారు, ఎలక్ట్రానిక్ ధ్వనులు కలిపి, తన దేశపు పేరు ప్రతిష్ఠల వ్యామోహాన్ని ప్రశ్నిస్తూ చేసిన పని అది. సరిగ్గా ఇరాక్ యుద్ధం మొదలైన రోజులు. టైటిల్ పాట వీడియోని ఆమే వెనక్కి తీసుకుంది. విమర్శకులు పెదవి విరిచారు. దాని తర్వాత 2005 నవంబరులో వచ్చిందే ఈ డాన్స్ ఆల్బమ్. ప్రధాన నిర్మాత, అంటే పాటల ధ్వనిని కూర్చినవాడు, స్టువర్ట్ ప్రైస్. అంతకుముందు ఆమె టూర్లలో వాద్యబృందాన్ని నడిపినవాడు, సొంతంగా క్లబ్బుల్లో డీజే. ఆల్బమ్‌లో ఎక్కువ భాగం లండన్‌లో అతని ఇంటి స్టూడియోలో తయారైంది. 12 పాటలు, దాదాపు 56 నిమిషాలు. డీజే ఒక రాత్రి నడిపే సెట్టు లాగా పాట వెంట పాట ఆగకుండా కలిసిపోతుంది. మొదటి పాట ‘హంగ్ అప్’కి ఆధారం స్వీడన్ బృందం అబ్బా 1979లో చేసిన ఒక పాటలోని వాద్యపు వరస. అబ్బా వాళ్లు తమ పాటల ముక్కలు వాడుకోవడానికి అరుదుగా ఒప్పుకుంటారు. మడోన్నా ఉత్తరంతో పాటు పాటనిచ్చి తన మనిషిని స్టాక్‌హోమ్ పంపి అనుమతి తెచ్చుకుంది. ఆ పాట 41 దేశాల్లో మొదటి స్థానానికి చేరి గిన్నిస్ రికార్డుకెక్కింది. 2007లో ఆల్బమ్‌కి ఎలక్ట్రానిక్/డాన్స్ విభాగంలో గ్రామీ వచ్చింది. విమర్శకుల స్పందన కూడా ఎక్కువ భాగం అనుకూలమే. అప్పటికి ఆమెకు 47 ఏళ్లు.

ఈ ఆల్బమే ఎందుకు ఇచ్చానంటే, పేరున్న పాప్ గాయని నడివయసులో డాన్స్ ఆల్బమ్ చేస్తే విమర్శకుడి చెవికి రెండు పొరలు అడ్డం పడతాయి. ఒకటి, డాన్స్ సంగీతం తేలికపాటి సరుకన్న భావం. అమెరికాలో దానికి పాత చరిత్రే ఉంది. 1979 జులై 12న చికాగోలోని కొమిస్కీ పార్కులో రెండు బేస్‌బాల్ ఆటల మధ్య డిస్కో రికార్డులు కుప్పపోసి పేల్చేశారు. జనం మైదానంలోకి దూకడంతో రెండో ఆట జరగనేలేదు. రెండో పొర, గాయని వయసు. ఈ రెండూ ఒకే చోట ఉన్న ఆల్బమ్‌ని వినగలిగితే సమీక్షకురాలికి ఇంకేదైనా తేలికవుతుందనుకున్నాను.

వచ్చిన కాపీ

వారంలో కాపీ వచ్చింది. భాష చక్కగా ఉంది. “వయసు” అన్న మాట తొమ్మిది చోట్ల ఉంది. ఎక్కడా ఎగతాళి లేదు. అన్నీ మెచ్చుకోళ్లే: ఈ వయసులోనూ ఆ ఉత్సాహం, ఈ వయసులోనూ ఆ నడుము, వయసు అంకె మాత్రమేనని నిరూపించిన మహిళ. ‘హంగ్ అప్’ వీడియోలో వేసుకున్న గులాబీ రంగు లియోటార్డ్ (ఒంటికి అతుక్కునే నాట్య దుస్తు) మీద ఒక పేరా మొత్తం. ఆమె తన 47వ పుట్టినరోజునే గుర్రం మీద నుంచి పడి ఎముకలు విరగ్గొట్టుకుని, కొద్ది వారాల్లోనే ఆ వీడియోలో నాట్యం చేసిన సంగతి ఇంకో పేరా. అది నిజమే, గొప్ప సంగతే. కానీ చెవికి సంబంధించింది కాదు.

ధ్వని గురించి మొత్తం మూడు వాక్యాలున్నాయి. మూడో వాక్యం ఇది: “పాటలు చాలా చోట్ల అకస్మాత్తుగా తెగిపోవడం శ్రోతను నిరాశపరుస్తుంది.”

ఆ వాక్యం కింద గీత పెట్టి “వివరించు” అని రాసి వదిలేశాను. అక్కడే ఆగి ఉంటే మూడు వారాలు మిగిలేవి. అది అభిప్రాయం కాదు, రోగలక్షణం. ఆగకుండా కలిసిపోయేలా చేసిన ఆల్బమ్‌లో పాట తెగిందని ఒకరు అంటే, వాళ్ల చెవిదాకా వచ్చింది ఆ ఆల్బమ్ కాదన్నమాట. నేను దాన్ని అభిరుచి తేడా అనుకున్నాను.

ఆ రోజు నా ఆలోచనంతా “వయసు” చుట్టూనే ఉంది. మన దగ్గర ఈ అలవాటు బాగా ముదిరింది. పెద్ద గాయని కొత్త పాట పాడితే మన పత్రికల్లో మొదటి వాక్యమే “ఈ వయసులోనూ ఆ గొంతులో మాధుర్యం తగ్గలేదు” అని మొదలవుతుంది. రాసేవాళ్లు అది నమస్కారమనుకుంటారు. నమస్కారం పెట్టాక వినక్కర్లేదన్న ధీమా కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. నేనూ నా మొదటి అయిదారేళ్లు అలాగే రాశాను. ఒక పెద్దావిడ ఆల్బమ్ మీద నేను రాసిన సమీక్ష చదివి ఆవిడే ఫోన్ చేసి, “నాయనా, మూడో పాటలో రాగం మార్చాను, నువ్వు చూశావా?” అని అడిగారు. నేను చూడలేదు. ఆ ఫోన్ ఇప్పటికీ చెవిలో ఉంది.

మొదటి ప్రయత్నం: వయసు కొట్టేయడం

తొమ్మిది చోట్లా “వయసు” కొట్టేసి, దాని మీద ఆధారపడ్డ వాక్యాలన్నీ తీసేయమన్నాను. ఆ మాట ఊతకర్రలా ఉంది, కర్ర లాగేస్తే నడక దానంతటదే వస్తుందని నా లెక్క.

రాలేదు. పన్నెండు వందల మాటల కాపీ ఆరు వందలకు పడిపోయింది. మిగిలినవి అమ్మకాల అంకెలు, అవార్డు, పాటల సారాంశం. వయసు మాట జబ్బు కాదు, జ్వరం. జ్వరం దించేసరికి లోపల ఏమీ లేదని బయటపడింది. సమీక్షకురాలు బాధపడింది కూడా. “సర్, నేను ఆవిణ్ణి గౌరవించాను కదా, తప్పేముంది?” అని అడిగింది. సరైన జవాబు అప్పుడు నా దగ్గర లేదు. “పాట గురించి రాయమ్మా” అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

రెండో ప్రయత్నం: పాత సమీక్షలు

రాయాల్సిందే విమర్శకుల స్పందన గురించి కాబట్టి, 2005 నాటి బ్రిటన్, అమెరికా సమీక్షలు దొరికినన్ని చదవమన్నాను. మంచి విమర్శకులు ధ్వనిని ఎలా వర్ణిస్తారో చూస్తే ఆమెకు పట్టు దొరుకుతుందని నా ఉద్దేశం.

రెండో కాపీ నాలుగు రోజుల్లో వచ్చింది. ఇప్పుడు ప్రతి పేరాలో “పునరాగమనం” ఉంది. అప్పటి సమీక్షల్లో ఎక్కువ వాటి వరస అదే: గత ఆల్బమ్‌తో దారి తప్పింది, ఇప్పుడు తన సొంత చోటైన డాన్స్ ఫ్లోర్‌కి తిరిగొచ్చింది. ఆమె ఆ తీర్పుల సగటు తీసి తెలుగులో పెట్టింది. మెటాక్రిటిక్ లాంటి సైట్లు చేసేది కూడా ఇంతే. రకరకాల కొలతల్లో ఉన్న సమీక్షలను వందకు మార్చి, కొన్నింటికి ఎక్కువ బరువు, కొన్నింటికి తక్కువ బరువు ఇచ్చి ఒక్క అంకె చేస్తాయి. ఆ అంకె చూస్తే ఎంతమందికి నచ్చిందో తెలుస్తుంది, ఏం విని నచ్చిందో తెలియదు.

“పునరాగమనం” కూడా వయసు మాటకి మారువేషమే. తిరిగి రావడం అంటే వెళ్లిపోయి ఉండాలి. ఆమె 2003లోనూ ఆల్బమ్ చేసింది, 2004లో ఉత్తర అమెరికా, ఐరోపాల్లో టూరు చేసి పాడింది. విమర్శకులకు నచ్చనిది చేయడాన్ని లేకుండా పోవడం అంటున్నామని ఆమెకు చెప్పాను. ఒప్పుకుంది. కానీ దాని స్థానంలో ఏం పెట్టాలో ఇద్దరికీ తెలియలేదు.

మూడో ప్రయత్నం: సాహిత్యం

ఇది నా పెద్ద తప్పు. ఆమె బలం సాహిత్యం కదా, అటునుంచి వెళ్లమన్నాను. పాటల మాటలు దగ్గరగా చదివి, అందులోంచి ఆల్బమ్‌ని పట్టుకోమన్నాను.

ఆమె చదివింది, తీర్పు చెప్పింది: ఆల్బమ్ డొల్ల. న్యూయార్క్ మీద ఉన్న అయిదో పాటలో ప్రాస కోసం పడ్డ పాట్లను రెండు పేరాల్లో ఉతికి ఆరేసింది. ఆ విమర్శ న్యాయమైనదే. ఆ ప్రాసను 2005లోనూ చాలామంది ఎగతాళి చేశారు. కానీ మిగతా పదకొండు పాటలనూ అదే తక్కెడలో తూచింది. తెలుగు పాట వినే మనందరి చెవీ ముందు మాట దగ్గరికే పోతుంది. మన సమీక్షలో పల్లవి, చరణం, కవి పేరు అయ్యాకే వాద్యం వంతు, అది కూడా “నేపథ్య సంగీతం వినసొంపుగా ఉంది” అన్న ఒక్క వాక్యంలో. డాన్స్ ఆల్బమ్‌లో అర్థం మాటలో తక్కువ ఉంటుంది. ఎప్పుడు వాద్యం ఆగింది, ఎప్పుడు తిరిగి వచ్చింది, ఎంతసేపు ఆపి ఉంచారు అన్నదాంట్లో ఎక్కువ ఉంటుంది. ఆమెకున్న బలాన్నే నేను ఆమెకు అడ్డం పెట్టాను.

ఇక్కడ కేసు మూసేద్దామనుకున్నాను. ఇంకొకరికి ఇచ్చేస్తే సరిపోయేది, గడువు కూడా ముంచుకొస్తోంది. కానీ మూడు సార్లు చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషి చేతిలోంచి పని లాక్కుంటే, తప్పు ఆమెదన్నట్టు అవుతుంది. మొదటి కాపీ మళ్లీ తీసి, నేను గీసిన గీతలన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ వచ్చాను. “వివరించు” దగ్గర ఆగాను.

మలుపు

ఫోన్ చేశాను. “మొదటి పాట ఎక్కడ అయిపోతుందమ్మా?”

“అయిపోగానే యాడ్ వస్తుంది సర్. తర్వాత ఇంకో పాట.”

“ఏ పాట?”

“ఒక్కోసారి ఒక్కోటి వస్తుంది.”

ఉచిత యాప్‌లో, షఫుల్ పెట్టి, మెట్రోలో వెళ్తూ చెవిలో ఇయర్‌బడ్స్‌తో విన్నది. పాట పాటకీ మధ్య ఇన్సూరెన్స్ ప్రకటన. నిర్మాత ఏ అతుకులు కనిపించకుండా కుట్టాడో ఆ అతుకులన్నీ ఆమె చెవి దగ్గర విప్పేసి ఉన్నాయి. పాటలు తెగిపోతున్నాయని ఆమె రాసింది అక్షరాలా నిజం. ఆమె అబద్ధం రాయలేదు. నేనే అడగలేదు.

ఇక్కడ నేను చేసిన ఆలోచన ఇది. ఆల్బమ్‌ని ప్రకటనలు లేకుండా వరసలో వినమని చెబితే సగం పని అవుతుంది. కానీ ఈ పాటలు తయారైన తీరే వేరు. పాటలు తయారవుతున్నప్పుడే స్టువర్ట్ ప్రైస్ వాటి వాద్య రూపాలను తను డీజేగా వెళ్లే క్లబ్బులకు పట్టుకెళ్లి వాయించి చూసేవాడు. జనం ఎలా ఆడుతున్నారో కెమెరాలో తీసుకొచ్చి మర్నాడు మడోన్నాకు చూపించేవాడు. అంటే ఈ సంగీతాన్ని మొదట పరీక్షించింది జనం కాళ్లు. దాన్ని కుర్చీలో, రెండు చిన్న ఇయర్‌బడ్స్‌లో విని తీర్పు చెప్పడం, పులిహోరను వాసన చూడకుండా ఫొటో చూసి ఉప్పు తక్కువైందనడం లాంటిది.

నాకు తెలిసిన ఒకతను హైదరాబాద్ శివారులో సౌండు అద్దెకిస్తాడు. పెళ్లి బరాత్‌లకి, వినాయక నిమజ్జనాలకి డీజే బాక్సులు తీసుకెళ్తాడు. బాక్సులు దింపుకునే గోదాం ఊరికి దూరంగా ఉంది. ఒక మంగళవారం మధ్యాహ్నం ఇద్దరం అక్కడికి వెళ్లాం.

గోదాంలో

రేకుల షెడ్డు. ఒక పక్క ఎత్తుగా పేర్చిన బాస్ బాక్సులు, ముందు వలకి పాత కుంకుమ, రంగు కాగితం ముక్కలు అంటుకుని ఉన్నాయి. అతను రెండు బాస్‌లు, రెండు టాప్‌లు కలిపి, వైరు బిగించి, “ఎంత పెట్టాలె సార్?” అని అడిగాడు. బరాత్‌లో పెట్టేదాంట్లో సగం చాలన్నాను. ఆగకుండా కలిసి ఉన్న రూపాన్నే తెచ్చాను. ఈ ఆల్బమ్‌కి పాటలు విడివిడిగా ఆగే రూపం కూడా ఉంది, అందుకే ముందే చూసుకున్నాను.

‘హంగ్ అప్’ గడియారం టిక్కుమనడంతో మొదలవుతుంది. వెనక నుంచి అబ్బా వరస మూసిన తలుపు అవతల ఎవరి ఇంట్లోనో మోగుతున్నట్టు మందంగా వస్తుంది. తర్వాత ఆ తలుపు కొంచెం కొంచెంగా తెరుచుకుంటుంది. ఇయర్‌బడ్స్‌లో ఇది చిన్న అలంకారం. ఆ బాక్సుల ముందు నిలబడితే, తలుపు పూర్తిగా తెరుచుకుని కింద దెబ్బ పడేసరికి అది రొమ్ముకి తగిలింది. షెడ్డు రేకులు జుమ్మన్నాయి. సమీక్షకురాలు నోట్‌బుక్ మూసేసింది. ఆ రోజంతా తెరవలేదు.

రెండో పాటలో కొంత దూరం వచ్చాక డీజే అతను మా వైపు తిరిగాడు. “ఇది రెండో పాటనా మేడమ్? ఎప్పుడు మారిందో నాకే తెల్వలే. మేమైతే మధ్యల ఒక సైరన్ కొట్టి మారుస్తం.” తర్వాత ఫోన్‌లో దెబ్బలు లెక్కపెట్టే యాప్ తీసి తాళం ప్రకారం వేలితో కొడుతూ చూశాడు. ‘హంగ్ అప్’ నిమిషానికి 125 దెబ్బల దగ్గర నడుస్తుంది. “స్పీడు ఒక్కటే ఉంచి, మీద సామాను మారుస్తున్నడు. జనం కాలు ఆగదు” అన్నాడు.

ఆ మాట విన్నాక సమీక్షకురాలి కుడిచేయి తొడ మీద తాళం వేయడం చూశాను. తని ఆవర్తనం అంటే కచేరీలో పాట లేకుండా తాళవాద్యాలే మోగే భాగం. అప్పుడడిగాను: “తని ఆవర్తనం విన్నాక సాహిత్యం ఏదని ఎవరినైనా అడిగావా?”

ఆమె వెంటనే జవాబివ్వలేదు. నాలుగో పాట అయ్యేదాకా వింది. ఆ పాట 1977 నాటి డిస్కో గాయని డోనా సమ్మర్, నిర్మాత జార్జియో మొరోడర్ల యంత్రపు పరుగును గుర్తు చేసే పాట. తర్వాత ఆమె చెప్పింది పొల్లుపోకుండా రాసుకున్నాను (తీర్మానం అంటే మృదంగంలో ముగింపు, మోహరా అంటే ఆ ముగింపుకు దారితీసే వరస): “సర్, ఇది తీర్మానం ఇవ్వకుండా మోహరా దగ్గరే ఆపి ఉంచడం. వింటున్నవాళ్లు తీర్మానం కోసం ఎదురుచూస్తారు. ఎంతసేపు ఆపొచ్చో తెలిసినవాడు పెద్ద విద్వాంసుడు.”

మూడు వారాలుగా నేను ఆమెకు ఇవ్వాలని చూసిన చెవి ఆమె దగ్గరే ఉంది, ఎనిమిదేళ్ల సాధనతో వచ్చింది. పాశ్చాత్య పాప్ అంటే అది వేరే గది అనుకుని, ఆ తలుపు ఆమె తట్టలేదు. నేనూ తట్టమనలేదు.

పని చేసిన పద్ధతి

గోదాం నుంచి వచ్చాక కాపీ రాయొద్దన్నాను. ముందు పాత సమీక్షలు ప్రింట్ తీసి, ప్రతి వాక్యానికీ మూడు రంగుల్లో ఒకటి వేయమన్నాను. ధ్వని గురించి చెప్పే వాక్యానికి ఆకుపచ్చ, ఆమె వృత్తి ప్రయాణం గురించి అయితే పసుపు, శరీరం, వయసు, బట్టలు, పెళ్లి గురించి అయితే గులాబీ. ఇంతకుముందు అవే సమీక్షలు చదివించినప్పుడు సగటు మాత్రమే వచ్చింది. వాక్యాలుగా విడగొడితే సగటు తీయడం కుదరదు.

కొన్ని సమీక్షలు దాదాపు పచ్చగా వచ్చాయి. అతుకుల్లేని కూర్పు, ఏ పాత క్లబ్బు ధ్వనులు ఎక్కడ తొంగిచూస్తున్నాయి, చివరి పాటల్లో ఊపు ఎందుకు తగ్గింది అన్నవి వాటిలో ఉన్నాయి. కొన్నింటిలో ఎక్కువ నక్షత్రాలిచ్చినా పచ్చ గీత ఒకటో రెండో. మెచ్చుకున్న సమీక్షల్లోనే గులాబీ బాగా కనిపించడం ఆమెను కదిలించింది. “సర్, నా మొదటి కాపీ కూడా ఇలాగే ఉంటుంది కదా” అంది. ప్రింట్ తీసి రంగులు వేసింది. మూడు పచ్చ గీతలు. వాటిలో ఒకటి యాప్ ప్రకటన గురించి.

గౌరవించడంలో తప్పేముందని మొదటి వారం ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు ఆ కాగితం మీద దొరికింది. నేను నోరు తెరవాల్సిన అవసరం రాలేదు.

పోల్చి చూడ్డానికి ఇంకో కేసు కూడా ఇచ్చాను. 1998లో అమెరికన్ గాయని షెర్ తన 52వ ఏట ‘బిలీవ్’ పాడింది. అందులో గొంతు మెట్లు మెట్లుగా విరిగినట్టు వినిపిస్తుంది. శ్రుతి సరిదిద్దే ఆటో-ట్యూన్ సాఫ్ట్‌వేర్‌లో సరిదిద్దే వేగాన్ని చివరికంటా తిప్పితే వచ్చే ధ్వని అది. నిర్మాతలు మొదట్లో ఆ గుట్టు చెప్పకుండా గొంతును యంత్రపు ధ్వనిలా మార్చే వోకోడర్ తరహా పరికరం పేరు చెప్పారు. వయసు ముందు పెట్టుకుని వినేవాడు “గొంతు పోయింది కాబట్టి యంత్రం పెట్టుకుంది” అంటాడు. చెవి ముందు పెట్టుకుని వినేవాడికి, అదే పాటలో యంత్రం లేని చోట ఆ గొంతు ఎంత నిండుగా ఉందో వినిపిస్తుంది, యంత్రాన్ని గమకంలా, అంటే స్వరానికి అలంకారంగా, కావాలని వాడారని తెలుస్తుంది. వయసును కారణంగా తీసుకుంటే వినడమే తప్పుతుంది. ఈ ఒక్క ఉదాహరణ నా ఉపన్యాసాలన్నింటికంటే ఎక్కువ పని చేసింది.

వయసు తిరిగి వచ్చింది

నాలుగో కాపీలో “వయసు” మళ్లీ కనిపించింది, ఒక్క చోట. నా చేయి అలవాటుగా పెన్ను మీదికి పోయింది. కానీ ఆ పేరా చదివాక ఆగాను.

‘హంగ్ అప్’ 41 దేశాల్లో మొదటి స్థానానికి వెళ్లినా, అమెరికా ప్రధాన చార్టులో ఏడు దగ్గరే ఆగింది. అక్కడి రేడియోలు ఆ పాటను పెద్దగా వేయలేదు. దాని పక్కన సమీక్షకురాలు 2023 నాటి సంగతి పెట్టింది. ఆస్ట్రేలియా పాప్ గాయని కైలీ మినోగ్ 54వ ఏట ‘పదం పదం’ పాట విడుదల చేస్తే బ్రిటన్‌లో పిల్లలు సైతం పాడుకున్నారు. కుర్రకారు కోసం నడిచే బీబీసీ రేడియో 1 మాత్రం మొదట దాన్ని ప్లేలిస్టులో పెట్టలేదు, చర్చ రేగాక పెట్టింది. తర్వాతి ఏడాది ఆ పాటకి గ్రామీ కూడా వచ్చింది. మడోన్నాయే 2016లో ఒక అవార్డు అందుకుంటూ, ఈ రంగంలో ఆడవాళ్లకి వయసు రావడమే పాపమని చెప్పిన మాటను ఆమె దానికి జత చేసింది.

ఇక్కడ వయసు పాట ఎవరి చెవికి చేరింది, ఎవరికి చేరకుండా ఆపారు అన్న లెక్కలోకి వచ్చింది. అది నిజంగా విమర్శకుడి పని. మొదటి వారం నేను వయసును పూర్తిగా నిషేధించడం కూడా వినకపోవడమే. ఆ పేరా ఉంచేశాను. అయితే ఒక హద్దు పెట్టాను: అమెరికా రేడియోలు వేయకపోవడానికి వయసే కారణమని రాయొద్దు. అప్పట్లో అక్కడ డాన్స్-పాప్‌కే రేడియోల్లో చోటు తక్కువ. రెండు కారణాలనూ పక్కపక్కన పెట్టి, ఎంత వాటా దేనిదో తేల్చకుండా వదిలేయమన్నాను. ఆమె గట్టిగా వాదించింది, తర్వాత ఒప్పుకుంది.

పదో పాట మీద రాసిన పేరా నాకు అన్నింటికంటే నచ్చింది. అందులో యిట్జాక్ సిన్వానీ అనే గాయకుడు యెమెన్ యూదుల పాత హీబ్రూ గీతాన్ని ఆలపిస్తాడు. ‘ఐజాక్’ అన్న పాట పేరు చూసి అది 16వ శతాబ్దపు యూదు గురువు ఐజాక్ లూరియా గురించేనని కొందరు రబ్బీలు (యూదు మతగురువులు) అభ్యంతరం చెప్పారు. మడోన్నా అది తనతో పాడిన గాయకుడి పేరని చెప్పింది (హీబ్రూలో యిట్జాక్ అన్నదే ఇంగ్లిష్‌లో ఐజాక్). 2005లో గొడవ మీద చాలా రాశారు. సమీక్షకురాలు గొడవను ఒక్క వాక్యంలో ముగించి, తాళం లేకుండా సాగే ఆ ఆలాపన కిందికి నాలుగు దెబ్బల నడక ఎలా వచ్చి చేరుతుందో ఆరు వాక్యాల్లో చెప్పింది. వినని మనిషికి కూడా చదివితే వినిపిస్తుంది.

తర్వాత

సమీక్ష నవంబరు మధ్యలో వచ్చింది. నక్షత్రాలు వేయలేదు. అయిదో పాట మీద ఆమె విమర్శ అలాగే ఉంది, ఒక పేరాకి కుదించాం. గౌరవం లేకుండా రాశారని ఇద్దరు పాఠకులు ఉత్తరాలు పంపారు. వాళ్లకి సమీక్షకురాలే జవాబు రాసింది.

డెస్కులో మూడు మార్పులు చేశాను. ఆల్బమ్ సమీక్ష అప్పగించేటప్పుడు ఎక్కడ, దేనితో, ఏ వరసలో విన్నారో కాపీ పైన ఒక లైను రాయాలి. అది ప్రచురించం, నాకు కావాలి. డాన్స్ సంగీతమైతే కనీసం ఒకసారి పెద్ద బాక్సుల ముందు వినాలి. గోదాం అతనికి ఇప్పుడు నెలకోసారి మా వాళ్లు వస్తున్నారు, టీ ఖర్చు ఆఫీసుది. “తెగిపోయింది”, “గందరగోళంగా ఉంది”, “అర్థం కాలేదు” లాంటి మాటలు కాపీలో కనిపిస్తే వాటి కింద “వివరించు” అని రాయకుండా ఫోన్ చేసి అడగడం నేను నేర్చుకున్నాను.

ఒక్క సంగతి మిగిలింది. గోదాంలో చివరి పాట, పన్నెండోది, మిగతా వాటికంటే నెమ్మదిగా, కాలు నేలకి కొట్టినట్టు నడిచేది, మోగుతుండగా డీజే అతను లేచి వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. పాట ఇంకా అవలేదన్నాను. “ఎరుకే సార్. ఇది బరాత్ ఇంటికి చేరినంక, బాక్సులు దించేటప్పటి పాట” అన్నాడు. సమీక్షకురాలు ఆ మాటతోనే సమీక్ష ముగించింది. విమర్శకుల స్పందన మీద రాసే వ్యాసంలో విమర్శకుడు కానివాడి మాట ఎందుకని నేను కొట్టేశాను. పోయిన నెల ఆ పాట మళ్లీ విన్నాను. 2005 నాటి సమీక్షల్లో మేం పచ్చ రంగు వేసిన వాక్యాలన్నీ తిరిగి చదివాను. ఆ పాట ఆల్బమ్ చివర ఎందుకుందో అంత తేటగా చెప్పింది ఒక్కటీ లేదు. ఆర్కైవ్‌లో ఆ వాక్యాన్ని తిరిగి పెట్టించాను.